పడక మీద నుండి ఒక వాదన

అలసట అంటే ఏమిటో మనలో తెలియనివారు ఎవరున్నారు? రోజంతా వంగి నాట్లు వేసిన తల్లికి తెలుసు. కల్లంలో ధాన్యం ఎత్తిన తండ్రికి తెలుసు. సాయంత్రం వేడినీళ్ళు పోసుకుని, నాలుగు మెతుకులు తిని పడుకుంటే తెల్లవారేసరికి ఆ అలసట పోతుంది. దేహానికి అది సహజం. పని చేసినవారికే అలసట, విశ్రాంతి తీసుకుంటే తీరిపోయే అలసట. మనకు తెలిసిన లెక్క ఇది.

అయితే ఈ లెక్కకు అందని జబ్బు ఒకటి ఉంది. ఎంత నిద్రపోయినా అందులో సేద తీరదు. స్నానం చేసి తల దువ్వుకున్నందుకే రెండు రోజులు మంచం పట్టవలసి వస్తుంది. రక్తపరీక్షలు చేయిస్తే అన్నీ బాగానే ఉన్నాయని కాగితం వస్తుంది. ఆ కాగితం చూసి డాక్టరు, ఇంటివారు, ఇరుగుపొరుగువారు అందరూ ఒకటే మాట అంటారు, "నీకేమీ లేదు, లేచి తిరుగు" అని.

ఈ మాట తప్పని రుజువు చేయడానికి కొన్ని దేశాల రోగులు దాదాపు యాభై ఏళ్ళు వాదించారు. వారిలో చాలామంది మంచం దిగలేనివారు. పెద్ద పెద్ద వైద్యుల పరిశోధనలోని లెక్కలను వారు పడక మీద నుండే తిరగవేసి చూశారు. చివరకు ఒక దేశపు వైద్య సూత్రాలే మారాయి. ఆ సంగతి మన కుటుంబాలు కూడా తెలుసుకోవలసినది.

ఏమిటీ జబ్బు?

దీనికి రెండు పేర్లున్నాయి. ఒకటి మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్, క్లుప్తంగా ఎం.ఇ. రెండవది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, అంటే దీర్ఘకాలిక అలసట రుగ్మత, క్లుప్తంగా సి.ఎఫ్.ఎస్. ఇప్పుడు చాలామంది వైద్యులు రెండింటినీ కలిపి ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. అని రాస్తున్నారు.

చాలామందికి ఇది ఏదో ఒక జ్వరంతో మొదలవుతుంది. జ్వరం తగ్గుతుంది గాని మనిషి లేవడు. 2006లో మన జిల్లాల్లో చికున్‌గున్యా వచ్చినప్పుడు జ్వరం నాలుగు రోజుల్లో పోయినా కీళ్ళ నొప్పులు నెలల తరబడి వదలకపోవడం మనం చూశాము. అది వేరు, ఇది వేరు. అయినా జ్వరం వెళ్ళిపోయాక కూడా దాని దెబ్బ దేహంలో నిలిచి ఉండగలదని మన పల్లెలవారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

ఈ జబ్బుకు ముఖ్య లక్షణాలు నాలుగు. మొదటిది, పూర్వపు పనులు చేసుకోనివ్వని తీవ్రమైన నిస్సత్తువ. రెండవది, నిద్రపోయినా తీరని బడలిక. మూడవది, మాట తడుముకోవడం, చదివింది తలకెక్కకపోవడం, జ్ఞాపకం తప్పడం. నాలుగవది అన్నిటికంటె ముఖ్యం. కొద్దిపాటి శ్రమ చేసినా జబ్బు తిరగబెట్టడం. ఆ శ్రమ ఒంటితో చేసినది కావచ్చు, మనసుతో చేసినది కావచ్చు. తిరగబెట్టడం కూడా వెంటనే జరగకపోవచ్చు. ఈ రోజు బజారుకు వెళ్ళి వచ్చిన మనిషి రేపో ఎల్లుండో కూలిపోతాడు. ఆ పాటు రోజులు ఉండవచ్చు, వారాలు ఉండవచ్చు.

మన ఊళ్ళలో బోరుబావి గలవారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. నీరు తక్కువ ఉన్న బోరులో మోటారును గంటసేపు ఆడిస్తే నీరు వస్తుంది. ఆశపడి మూడు గంటలు ఆడిస్తే బోరు ఎండిపోతుంది, తిరిగి నీరు ఊరేదాకా ఆగవలసిందే. మోటారు ఎన్ని గుర్రాల శక్తి గలదైనా ఊరని నీటిని తోడలేదు. ఈ రోగి దేహం ఆ బోరు వంటిది.

ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలకే ఎక్కువగా వస్తుంది. పిల్లలకు కూడా వస్తుంది. రోగుల్లో నాలుగోవంతు మంది ఏదో ఒక దశలో ఇల్లు కదలలేని, లేదా మంచం దిగలేని స్థితికి చేరుతారు. బాగా ముదిరినవారు వెలుతురును, చప్పుడును సైతం భరించలేరు. నోటితో ఆహారం తీసుకోలేక గొట్టం ద్వారా పోయించుకునేవారూ ఉన్నారు.

నర్సులకు వచ్చిన జబ్బు

మన సంఘాల్లో నర్సు పని చేసే ఆడపడుచు లేని ఊరు అరుదు. కనుక ఈ కథ ముందుగా వారికి చెప్పాలి.

1955 జూలైలో లండను నగరంలోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో నర్సులు, డాక్టర్లు, ఇతర ఉద్యోగులు ఒకరి తరువాత ఒకరు జబ్బు పడ్డారు. గొంతు నొప్పి, తలనొప్పి, కండరాల నొప్పులు, తల తిరగడం, విపరీతమైన నీరసం. నవంబరు లోపల 292 మంది ఉద్యోగులకు ఆ జబ్బు సోకింది. ఆసుపత్రిని రెండు నెలలకు పైగా మూసివేయవలసి వచ్చింది. వింత ఏమిటంటే, అప్పటికే ఆసుపత్రిలో చేరి ఉన్న రోగుల్లో జబ్బు పడినవారు 12 మంది మాత్రమే. అక్కడ అంటువ్యాధుల వైద్యుడైన మెల్విన్ రామ్‌సే ఆ రోగులను దగ్గరుండి చూశాడు. తరువాతి కాలమంతా ఈ వ్యాధిని గూర్చి రాస్తూ, వాదిస్తూ గడిపాడు.

పదిహేనేళ్ళు గడిచాయి. 1970లో మెకెవెడీ, బియర్డ్ అనే ఇద్దరు మానసిక వైద్యులు ఆ పాత కేసు కాగితాలు తిరగవేసి, అది అంటువ్యాధి కాదు, సామూహిక హిస్టీరియా అని ఒక ప్రముఖ వైద్య పత్రికలో రాశారు. జబ్బు పడినవారిలో ఎక్కువమంది స్త్రీలు కావడం వారు చూపిన కారణాల్లో ఒకటి. వారు రోగులను పరీక్షించి ఈ మాట అనలేదు, కాగితాలు చూసి అన్నారు. అయినా ఆ మాటే నిలిచింది. సేవ చేస్తూ జబ్బు పడిన నర్సులకు చివరకు దక్కినది ఆ నింద!

1984, 85 సంవత్సరాల్లో అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని ఇన్‌క్లైన్ విలేజ్ అనే ఊరిలో సుమారు రెండు వందల మంది ఇటువంటి జబ్బుతోనే మంచం పట్టారు. అక్కడి డాక్టర్లు పాల్ చెనీ, డానియేల్ పీటర్సన్‌లు ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ సంస్థ అయిన సి.డి.సి.కి కబురు చేశారు. 1988లో ఈ జబ్బుకు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. రోగుల బాధ ఆ పేరుతోనే రెట్టింపయిందని చెప్పాలి. "అలసట జబ్బట! నాకూ అలసటగానే ఉంటుంది" అని నవ్వేవారికి ఆ పేరు అవకాశమిచ్చింది. క్షయ వ్యాధికి 'దీర్ఘకాలిక దగ్గు' అని పేరు పెడితే ఎలా ఉంటుంది? ఇదీ అలాగే ఉంది.

డబ్బు విషయంలోనూ అన్యాయమే జరిగింది. ఈ వ్యాధి పరిశోధనకు కేటాయించిన సొమ్ములో 88 లక్షల డాలర్లను సి.డి.సి. వేరే పనులకు వాడిందని 1999లో అక్కడి ప్రభుత్వ తనిఖీలోనే తేలింది.

వ్యాయామమే మందా?

ఇంగ్లండులో కొందరు మానసిక వైద్యుల ఆలోచన ఇలా సాగింది. మొదట ఏదో జ్వరం వచ్చి ఉండవచ్చు. అది తగ్గినా రోగి భయం వల్ల కదలడం మానేశాడు. కదలకపోవడం వల్ల కండరాలు బలహీనపడ్డాయి. కనుక భయం పోగొట్టి, వారం వారం వ్యాయామం పెంచుకుంటూ పోతే జబ్బు నయమవుతుంది.

ఈ ఆలోచనలో నుండి రెండు చికిత్సలు వచ్చాయి. ఒకటి, మాటల ద్వారా రోగి ఆలోచనలను మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. రెండవది, లెక్క ప్రకారం వ్యాయామాన్ని పెంచుకుంటూ పోయే గ్రేడెడ్ ఎక్సర్‌సైజ్ థెరపీ. ఇంగ్లండులో వైద్య సూత్రాలను నిర్ణయించే నైస్ అనే సంస్థ 2007లో ఈ రెండింటినీ ఈ రోగులకు సిఫారసు చేసింది.

రోగులు మొదటి నుండీ మొరపెట్టుకుంటూనే ఉన్నారు. "వ్యాయామం మొదలుపెట్టిన తరువాత మా స్థితి దిగజారింది. నడిచి వెళ్ళినవాళ్ళం చక్రాల కుర్చీలో తిరిగి వచ్చాము" అన్నారు. రోగుల సంఘాలు జరిపిన విచారణల్లో ఈ ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ వచ్చింది. అయితే అవి రోగులు చెప్పుకున్న మాటలే గదా, శాస్త్రీయ పరిశోధన కాదు గదా అని కొట్టివేశారు.

అప్పుడు వచ్చింది పేస్ అనే పెద్ద పరిశోధన. సుమారు 50 లక్షల పౌండ్ల ఖర్చుతో 641 మంది రోగులను నాలుగు గుంపులుగా చేసి పరీక్షించారు. దాని ఫలితాలు 2011లో లాన్సెట్ అనే ప్రఖ్యాత వైద్య పత్రికలో వచ్చాయి. మాటల చికిత్స, వ్యాయామ చికిత్స రెండూ మేలు చేస్తాయనీ, వాటివల్ల హాని లేదనీ అందులో రాశారు. ఈ రెండు చికిత్సలు పొందినవారిలో నూటికి 22 మంది కోలుకున్నారని 2013లో మరొక వ్యాసం రాశారు. పత్రికలు ఆ వార్తను మోసుకుపోయాయి. లేచి వ్యాయామం చేస్తే పోయే జబ్బు అన్న అభిప్రాయం జనంలో పాతుకుపోయింది.

రోగులు లెక్క కట్టారు

మంచం మీద ఉన్నవారికి సమయమే ఆస్తి. రోజుకు అరగంట చదవగలిగినవారు ఆ అరగంటలోనే పరిశోధన పత్రాలను చదివారు. ఒకరు ఒక పేజీ చూస్తే మరొకరు మరో పేజీ చూశారు. అక్కడ వారికి ఒక వింత కనబడింది.

దేహం ఎంత పని చేయగలదో కొలవడానికి నూరు మార్కుల కొలత ఒకటి వాడారు. 65 లేదా అంతకంటె తక్కువ వస్తే 'ఈ మనిషి పరిశోధనలో చేరదగినంత జబ్బు మనిషి' అని లెక్క. పరిశోధన మొదలైనప్పుడు రాసుకున్న నియమం ప్రకారం కోలుకున్నాడనడానికి 85 రావాలి. తరువాత ఆ గీతను 60కి దించారు. అంటే 65 మార్కులతో జబ్బు మనిషిగా చేరినవాడు, మరింత దిగజారి 60కి వచ్చినా, ఆ ఒక్క కొలత వరకు 'కోలుకున్నవాడే'! వెనుకబడిన పిల్లల ట్యూషనుకు 65 మార్కులు గీతగా పెట్టి, పాసు మార్కు 60 అని ప్రకటించినట్లున్నది ఈ పద్ధతి. రెండు ముఖ్య కొలతల్లో ఏదో ఒకదాని ప్రకారం నూటికి సుమారు 13 మంది చేరిన రోజునే ఆ గీతను దాటి ఉన్నారు.

ఇంకొక లోపం కూడా చూపించారు. ఎవరికి ఏ చికిత్స ఇస్తున్నదీ రోగికి తెలుసు, చికిత్స చేసేవారికీ తెలుసు. మేలు జరిగిందా అన్నది మాత్రం రోగి నోటి మాటను బట్టే తేల్చారు. "ఈ వ్యాయామం నీకు మేలు చేస్తుంది" అని నెలల తరబడి చెప్పి, చివరకు "మేలు చేసిందా?" అని అడిగితే ఏ మర్యాదస్థుడైనా ఏమంటాడు? నోటి మాటతో పనిలేని కొలత ఒకటుంది, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరన్నది. వ్యాయామం చేసిన గుంపువారు ఏడాది చివర సగటున 379 మీటర్లు నడిచారు. మొదటికంటె కొంత ఎక్కువే గాని ఆరోగ్యవంతులు నడిచే దూరానికి అది చాలా తక్కువ.

అసలు లెక్కలను బయటపెట్టండి అని రోగులు అడిగారు. పరిశోధన జరిపిన క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం నిరాకరించింది. మనకు 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది గదా, అటువంటి చట్టమే బ్రిటనులోనూ ఉంది. 2014లో ఆస్ట్రేలియాలోని ఒక రోగి ఆ చట్టం కింద అర్జీ పెట్టాడు. 2015లో సమాచార కమిషనరు లెక్కలు ఇమ్మన్నాడు. విశ్వవిద్యాలయం అప్పీలుకు వెళ్ళి, న్యాయవాదులకు రెండు లక్షల పౌండ్లకు పైగా ఖర్చు పెట్టింది. 2016 ఆగస్టులో ట్రిబ్యునల్ రోగి పక్షాన తీర్పు చెప్పింది. సెప్టెంబరులో లెక్కలు బయటికి వచ్చాయి.

మొదట రాసుకున్న నియమం ప్రకారం మళ్ళీ లెక్క కట్టి చూస్తే ఏమి తేలింది? మాటల చికిత్సలో కోలుకున్నవారు నూటికి 7గురు, వ్యాయామ చికిత్సలో నలుగురు, మిగిలిన రెండు గుంపుల్లో అంతకంటె తక్కువ. ఆ తేడా చెప్పుకోదగినది కాదు. రోగులు, శాస్త్రజ్ఞులు కలిసి రాసిన ఈ ఫలితం 2018లో ఒక వైద్య పత్రికలో అచ్చయింది. పేస్ పరిశోధకులే 2015లో ప్రకటించిన మరొక వ్యాసం ప్రకారం, రెండేళ్ళ తరువాత చూస్తే నాలుగు గుంపుల మధ్య తేడా మిగలలేదు. అమెరికాలో డేవిడ్ టల్లర్ అనే పాత్రికేయుడు 2015 నుండి ఈ లోపాలన్నిటినీ వివరంగా రాసి లోకానికి తెలిపాడు. 2018లో వందమందికి పైగా శాస్త్రజ్ఞులు, వైద్యులు, ఇతర ప్రముఖులు లాన్సెట్ పత్రికకు బహిరంగ లేఖ రాశారు. పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించలేదు.

సూత్రాలు మారిన వైనం

ఇంతలో అమెరికాలో గాలి మారింది. 2015 ఫిబ్రవరిలో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వేసిన సంఘం 9,000కు పైగా పరిశోధన పత్రాలను పరిశీలించి, ఇది మానసిక భ్రమ కాదు, దేహాన్ని మొత్తంగా పట్టి కుంగదీసే నిజమైన వ్యాధి అని ప్రకటించింది. అమెరికాలో కనీసం 8,36,000 మంది, బహుశా 25 లక్షల మంది వరకు ఈ రోగులున్నారని అంచనా వేసింది. వారిలో అత్యధికులకు తమ జబ్బు పేరు ఏమిటో డాక్టర్లు చెప్పనే లేదన్నది. 2017లో సి.డి.సి. తన సలహాల్లో నుండి ఈ రెండు చికిత్సలను తొలగించింది.

ఇంగ్లండులో నైస్ సంస్థ కొత్త సూత్రాలు తయారు చేయడానికి కూర్చుంది. ఆ సంఘంలో వైద్యులతో పాటు రోగులకు కూడా చోటిచ్చారు. పాత పరిశోధనలన్నిటినీ తూచి చూస్తే, ఈ చికిత్సలకు ఉన్న ఆధారం 'బలహీనం' లేదా 'అతి బలహీనం' అని తేలింది. 2021 ఆగస్టులో అచ్చు కావలసిన సూత్రాలను, కొన్ని వైద్య సంఘాల అభ్యంతరం వల్ల, ముందురోజు ఆపివేశారు. సంఘ సభ్యుల్లో కొందరు అప్పటికే రాజీనామా చేశారు. చివరకు అక్టోబరు 29న అవి వెలువడ్డాయి.

వాటి సారాంశం ఇది. లెక్క ప్రకారం పెంచుకుంటూ పోయే వ్యాయామాన్ని ఈ రోగులకు చికిత్సగా ఇవ్వకూడదు. మాటల చికిత్స జబ్బును నయం చేయదు. దీర్ఘవ్యాధితో బ్రతకడంలో ధైర్యం కావాలనుకున్న రోగి కోరితే మాత్రం సాయంగా ఇవ్వవచ్చు. రోగి తన శక్తి హద్దును తెలుసుకుని, ఆ హద్దు లోపల పని, విశ్రాంతి పంచుకోవాలి. లక్షణాలు ఆరు వారాలుంటే అనుమానించాలి, మూడు నెలలుంటే నిర్ధారణ చేయవచ్చు. అన్నిటికంటె ముందుగా, రోగి చెప్పేది నమ్మాలి.

వాదం ఇంకా తెగలేదు

న్యాయంగా రెండో పక్షం మాట కూడా చెప్పాలి. పేస్ పరిశోధకులు తమ ఫలితాలు సరైనవేనని నేటికీ నిలబడి ఉన్నారు. గీతలు మార్చినది ఫలితాలు చూడకముందేనని వారి సమాధానం. తాము ఇచ్చే వ్యాయామం రోగి స్థితిని బట్టి మార్చేదే గాని గుడ్డిగా పెంచేది కాదనీ, దానివల్ల కొందరు రోగులు బాగుపడడం తాము కళ్ళారా చూశామనీ కొన్ని వైద్య సంఘాలు 2021లో అన్నాయి. నైస్ సాక్ష్యాన్ని తూచిన పద్ధతే తప్పని 2023లో పలువురు వైద్యులు కలిసి రాశారు. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ వ్యాయామ చికిత్సపై తన పాత సమీక్షను కొత్తగా రాయిస్తానని మాట ఇచ్చి, 2024 డిసెంబరులో ఆ పని విరమించుకుంది. రోగులు నొచ్చుకున్నారు.

తమకు దుర్భాషలతో, బెదిరింపులతో ఉత్తరాలు వచ్చాయని కొందరు పరిశోధకులు చెప్పారు. అటువంటిది ఎవరు చేసినా తప్పే. రోగుల్లో ఎంతోమంది ఎరుగని దానికి అందరినీ 'కోపిష్ఠి రోగులు' అని ముద్ర వేయడం కూడా తప్పే. ట్రిబ్యునల్ విచారణలో ఈ బెదిరింపుల ఆరోపణలు అతిశయోక్తులుగా తేలాయి.

రోగులు ఆశపడి నిరాశ చెందిన సందర్భాలూ ఉన్నాయి. 2009లో ఒక వైరస్ ఈ జబ్బుకు కారణమని సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. వేలమంది ఊరట చెందారు. ప్రయోగశాలలో జరిగిన కల్తీ వల్ల వచ్చిన ఫలితమని తేలి, 2011లో పత్రిక దాన్ని ఉపసంహరించింది. నార్వేలో రిటుక్సిమాబ్ అనే మందు మొదట 30 మందిలో ఆశ కలిగించింది. 151 మందితో జరిగిన పెద్ద పరీక్ష ఫలితం 2019లో వచ్చింది, మందుకూ ఉప్పునీటికీ తేడా లేదు. ఈ రెండు సందర్భాల్లోనూ రోగులు ఫలితాన్ని ఒప్పుకున్నారు. కష్టమైనా ఒప్పుకున్నారు. తమకు నచ్చని పరిశోధనను మాత్రమే వారు తిట్టిపోస్తారన్న మాటకు ఇదే జవాబు.

కరోనా తరువాత ఈ విషయానికి లోకం చెవి ఒగ్గింది. 2020 నుండి, కరోనా తగ్గినా కోలుకోనివారిలో కొందరికి సరిగ్గా ఇవే లక్షణాలు కనబడ్డాయి. 2025 ఆగస్టులో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నాయకత్వంలో, రోగులను భాగస్వాములుగా చేసుకుని జరిపిన డీకోడ్ ఎం.ఇ. అధ్యయనపు తొలి ఫలితం వచ్చింది. 15,579 మంది రోగుల వంశధాతువును పరీక్షిస్తే, ఆరోగ్యవంతులకంటె భిన్నంగా ఉన్న చోట్లు 8 కనబడ్డాయి. వాటిలో కొన్ని రోగనిరోధక శక్తికి, నాడులకు సంబంధించినవి. ఇది ఆరంభమే, ఇతరులు కూడా సరిచూడాలి. మందు ఇంకా రాలేదు. అయినా జబ్బు దేహంలో ఉందా, తలలో ఉందా అన్న పాత ప్రశ్నకు ఇది ఒక బలమైన సాక్ష్యం.

ఆలస్యానికి మూల్యం

ఈ వాదమంతా కాగితాల మీద జరిగినది కాదు. ఇంగ్లండులో మేవ్ బూత్‌బీ ఓనీల్ అనే 27 ఏళ్ళ యువతి ఈ జబ్బు తీవ్రమై, నమలలేక, లేచి కూర్చోలేక 2021 అక్టోబరు 3న చనిపోయింది. సరైన పోషణ అందక దేహం క్షీణించింది. 2024లో జరిగిన మరణ విచారణ తరువాత, ఇటువంటి రోగుల కోసం దేశంలో ప్రత్యేకించిన పడకలు లేవనీ, వైద్యులకు శిక్షణ చాలదనీ విచారణాధికారి ప్రభుత్వానికి హెచ్చరిక రాశారు. ఆమె చనిపోయిన నెలలోనే కొత్త సూత్రాలు వెలువడ్డాయన్న సంగతి గుండెను కలచివేస్తుంది.

మన ఇళ్ళలో

ప్రియ పాఠకులారా, ఇది చదివి నీరసం ఉన్న ప్రతివారికీ ఈ జబ్బే అనుకోకండి. మన ప్రాంతంలో నీరసానికి రక్తహీనత, థైరాయిడ్, చక్కెర వ్యాధి, క్షయ, విటమిన్ల లోపం, మనోవేదన వంటి కారణాలు చాలా ఉన్నాయి. వీటిలో అనేకం చికిత్సతో తగ్గుతాయి. ముందు డాక్టరు దగ్గర ఆ పరీక్షలు చేయించండి. చక్కెర వ్యాధి, రక్తపోటు గలవారికి నడక మేలే చేస్తుంది. కనుక వ్యాయామం చెడ్డదని ఎవరూ మానేయకండి.

అవన్నీ లేవని తేలాక, జ్వరం తరువాత నెలల తరబడి కోలుకోకుండా, పని చేసిన మరునాడు కూలిపోతూ ఉన్న మనిషి మీ ఇంట ఉంటే ఈ క్రింది సంగతులు గుర్తుంచుకోండి.

ఏ రోజు ఏ పని చేసినదీ, ఏ రోజు కూలిపోయినదీ ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. నాలుగు వారాలు రాస్తే హద్దు ఎక్కడుందో కనబడుతుంది. డాక్టరుకు కూడా అది ఉపయోగపడుతుంది.

బాగున్న రోజున పేరుకున్న పనంతా చేయనివ్వకండి. బోరు సంగతి జ్ఞాపకముంచుకోండి. కూర్చుని చేయగల పనిని నిలబడి చేయించకండి. వంట మధ్యలో, స్నానం తరువాత కొంతసేపు పడుకోనివ్వండి.

పరామర్శకు వెళ్ళినప్పుడు గంటలకొద్దీ మాట్లాడకండి. పది నిమిషాలు చాలు. కూర గిన్నె ఒకటి పట్టుకువెళ్ళి, బిందెడు నీళ్ళు తెచ్చిపెట్టి రండి. ఆదివారం కనబడలేదని కోడలిని సోమరి అనకండి. యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతవరకు అతనికి మేలే చేశారు. నోరు తెరిచి తప్పు వెదకడం మొదలుపెట్టాకే అతని బాధ రెండింతలయింది.

మూలికలు, ఇంజక్షన్లు, 'గ్యారంటీ వైద్యం' అని డబ్బు గుంజేవారిని నమ్మి పొలం కుదువ పెట్టకండి. ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఈనాటికి లేదు. నొప్పికి, నిద్రకు, తల తిరగడానికి డాక్టర్లు ఇవ్వగల ఉపశమనం మాత్రం ఉంది.

మే 12వ తేదీని ఈ రోగుల దినంగా పాటిస్తారు. అది నర్సుల తల్లి అని పేరుపొందిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టిన రోజు. ఆమె క్రిమియా యుద్ధరంగంలో జ్వరపడి, తిరిగి వచ్చాక అనేక సంవత్సరాలు పడక మీదనే గడిపింది. ఆ పడక మీదనుండే ఆసుపత్రుల లెక్కలు కట్టి, ఉత్తరాలు రాసి, వైద్యసేవను మార్చింది. ఆమెను సోమరి అని ఎవరనగలరు? ఈనాటి రోగులు చేసినదీ ఆ పనే. లేవలేనివారు రాసిన లెక్కలను లేచి తిరిగేవారు చదవడానికి యాభై ఏళ్ళు పట్టింది. మన ఇంట ఉన్నవారి మాట వినడానికి మనకు అంత కాలం పట్టకుండునుగాక.